బంతి కదలకముందు

సినిమా హాల్లో పక్క సీట్లో కూర్చుని రాబోయే డైలాగు ముందే చెప్పేవాణ్ణి ఎవరమూ క్షమించం. మా ఊరి టూరింగ్ టాకీస్‌లో అలాంటివాడు ఒకడుండేవాడు. మొదటాట చూసేసి, మళ్ళీ రెండో ఆటకు మా పక్కన చేరి, వేరుశనక్కాయలు నములుతూ కథంతా ఒక సీను ముందుగా అప్పజెప్పేవాడు. అందుకే 2019 జనవరిలో, ఫ్రిస్కోలో మా చెల్లెలింట్లో టీవీ ముందు కూర్చున్నప్పుడు, కామెంటరీ బాక్సులోంచి ఒకాయన బంతి ఎటు పోతుందో ముందే చెప్పడం, అది అటే పోవడం చూసి నాకు ఒళ్ళు మండింది. ఇదేదో పాత మ్యాచి మళ్ళీ వేస్తున్నారనుకున్నాను. మా మేనల్లుడు పగలబడి నవ్వాడు.

"లైవే మామయ్యా. ఆయన టోనీ రోమో. మన కౌబాయ్స్‌కి క్వార్టర్‌బ్యాక్‌గా ఆడేవాడు."

'మన' అన్నాడు. ఫ్రిస్కోలో పెరిగిన తెలుగు పిల్లాడికి డాలస్ కౌబాయ్స్ మనవాళ్ళే మరి. జట్టు హెడ్డాఫీసు, ప్రాక్టీసు మైదానం ఆ ఊళ్ళోనే ఉన్నాయి.

అమెరికా ఫుట్‌బాల్ ఏకధాటిగా సాగే ఆట కాదు, ముక్కలు ముక్కలుగా నడుస్తుంది. ఒక్కో ముక్క అయిదారు సెకన్లు, దాన్నే ప్లే అంటారు. దాని వెనక నలభై సెకన్ల గడియారం. అటు పదకొండు మంది, ఇటు పదకొండు మంది ఎదురెదురుగా బారులు తీరతారు. మధ్యలో వంగి ఉన్న సెంటర్, బంతిని కాళ్ళ సందులోంచి వెనక్కి, జట్టును నడిపే క్వార్టర్‌బ్యాక్‌కు ఇస్తాడు. అదే స్నాప్. మనలాంటివాళ్ళకు ఆట అక్కడ మొదలవుతుంది. తెలిసినవాళ్ళకు అప్పటికి సగం అయిపోయి ఉంటుంది.

"బంతిని చూడకు మామయ్యా. అందరూ బంతినే చూస్తారు," అన్నాడు మావాడు.

మరి దేన్ని చూడాలి? వెనకాల కాపలా ఉండే సేఫ్టీలు ఇద్దరుంటారు. ఇద్దరూ లోతుగా నిలబడితే పైనుంచి వచ్చే పొడుగు పాస్‌కు దారి మూసినట్టు, మధ్యలో పరుగుకు తలుపు ఓరగా తీసినట్టు. ఒకడు ముందుకు జరిగాడంటే పరుగును ఆపడానికి ఒక మనిషి పెరిగాడు, వెనకాల ఒకడు తగ్గాడు. తర్వాత మోషన్. స్నాప్‌కు ముందు ఒక ఆటగాడు ఈ కొసనుంచి ఆ కొసకు అడ్డంగా వెళతాడు. వాహ్యాళి కాదది, కూపీ లాగడం. ఎదుటి జట్టువాడు ఒకడు అతని వెంటే పరిగెత్తితే మనిషికి మనిషి కాపలా అన్నమాట. ఎవరూ కదలకుండా చేత్తో సైగ చేసి పక్కవాడికి అప్పజెప్పుకుంటే ఎవరి జాగా వాళ్ళు కాసే జోన్. ఇంకా కిందికి దిగితే, బంతి ఉన్న జట్టు ముందు వరుసలోని భారీకాయుడు నేలకు ఆనించిన చెయ్యి. వేళ్ళ కణుపులు తెల్లబడేలా బరువంతా దానిమీద మోపితే ముందుకు దూకుతాడు, కాబట్టి పరుగు. చెయ్యి ఊరికే తాకించి బరువు మడమల మీద పెట్టుకుంటే వెనక్కి తగ్గుతాడు, కాబట్టి పాస్. అంత మనిషి గుట్టు వేలి కణుపు దగ్గర బయటపడుతుంది.

"అబద్ధం కూడా ఆడతారు మామయ్యా, నమ్మేయకు," అని చివర్లో తోక తగిలించాడు.

ఆ రోజు కాన్సస్ సిటీలోని ఆరోహెడ్ మైదానంలో న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్‌కీ, కాన్సస్ సిటీ చీఫ్స్‌కీ పోటీ. గెలిచినవాళ్ళు సూపర్ బౌల్ అనే ఫైనల్‌కు వెళతారు. ఆఖరి నిమిషంలో పేట్రియట్స్ క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీ విసిరిన బంతి అతని జట్టువాడే అయిన గ్రాంకౌస్కీ చేతులకు తగిలి ఎగిరి చీఫ్స్ ఆటగాడి చేతిలో పడింది. మైదానం హోరెత్తింది. అయిపోయిందనుకున్నాం. కానీ తప్పు జరిగిందని చెప్పే పసుపు గుడ్డ పడింది. చీఫ్స్ జట్టులోని డీ ఫోర్డ్, స్నాప్‌కు ముందే, గీత దాటి నిలబడి ఉన్నాడు. అలా నిలబడి అతను సాధించిందేమీ లేదు, దొరికిన బంతి మాత్రం చెల్లకుండా పోయింది. అంత పెద్ద ఆట ఒక మనిషి ఎక్కడ నిలబడ్డాడన్న దానిమీద తిరిగిపోయింది.

ఆ వెంటనే గ్రాంకౌస్కీ బయటి కొసకు వెళ్ళి నిలబడ్డాడు. రోమో గొంతు లేచింది. ఆ సేఫ్టీని కనిపెట్టి ఉండండి, అతను ముందుకు దిగితే బంతి గ్రాంకౌస్కీకే పోవచ్చునని అన్నాడు. దిగాడు. పోయింది. 25 గజాలు. చివరికి అదనపు సమయంలో పేట్రియట్స్ 37-31తో గెలిచింది.

నాకప్పుడు అవధాన సభ గుర్తొచ్చింది. నిషిద్ధాక్షరి అడిగే పృచ్ఛకుడి పనీ ఇదే కదా. అవధాని ఒక అక్షరం పలకగానే తర్వాతి అక్షరం ఏది రాబోతోందో పసిగట్టి, అది వద్దంటాడు. అవధాని తడుముకోకుండా ఇంకో మాటకు మళ్ళుతాడు. పృచ్ఛకుడికి ఛందస్సు తెలియాలి, నిఘంటువు తెలియాలి, వాటితోపాటు ఎదుటనున్న అవధాని అలవాట్లూ తెలియాలి. క్వార్టర్‌బ్యాక్ ఎదుటి జట్టు నిలబడిన తీరు చూసి, అప్పటికప్పుడు అరిచి ప్లే మార్చుకుంటే దాన్ని ఆడిబుల్ అంటారు. అవధాని మాట మార్చుకోవడానికి అలాంటి పేరు లేదు గానీ, పని అదే. తేడా ఒక్కటే. పృచ్ఛకుడు అడ్డం పడగలడు. రోమో ఎంత అరిచినా మైదానంలో ఒక్కరికీ వినపడదు.

టాకీస్ మనిషి మీద వచ్చిన కోపం ఈయన మీద ఎందుకు నిలవలేదో కూడా అప్పుడే తెలిసింది. వాడు చూసొచ్చి చెప్పాడు, ఈయన చూడకుండా చెబుతున్నాడు. తప్పితే కోట్లమంది ముందు నవ్వులపాలు. వాల్ స్ట్రీట్ జర్నల్ 2018 సీజన్‌లో ఈయన వ్యాఖ్యానించిన ప్లేలన్నీ కూర్చుని లెక్కబెట్టింది. జోస్యాల్లో 68 శాతం నిజమయ్యాయట. అందరూ ఆ 68 గురించే మాట్లాడుకున్నారు. నన్ను ఆపింది ఇంకో అంకె. మొత్తం ప్లేలు 2,599. జోస్యం చెప్పింది 72 సార్లు. నూటికి మూడు కూడా లేవు. మిగతా అన్నిసార్లూ ఏదో ఒకటి తోచే ఉంటుంది, మింగేశాడు. నా మట్టుకు నాకు ఆ మింగడంలోనే పనితనం కనిపించింది. పక్కనున్న తోటి వ్యాఖ్యాత జిమ్ నాంజ్‌కూ ఇందులో వాటా ఉంది. సరిగ్గా స్నాప్‌కు ముందు ఆ నాలుగు సెకన్లూ తాను నోరు మెదపకపోవడం మాటలు కాదు.

2017లో ఆట మానిన వెంటనే సీబీఎస్ టీవీ వాళ్ళు రోమోను మైకు ముందు కూర్చోబెట్టారు. ఆ 'వెంటనే' అన్నది ముఖ్యం. 1994 నుంచి క్వార్టర్‌బ్యాక్ హెల్మెట్‌లో చిన్న రేడియో ఉంటోంది, కోచ్ అందులో ప్లే చెబుతాడు. గడియారంలో 15 సెకన్లు మిగలగానే అది తెగిపోతుంది. ఆపైన ఆ కుర్రాడికి తన కళ్ళే గతి. ఆ పదిహేను సెకన్లు ఏళ్ళతరబడి బతికినవాడు, వెచ్చగా గాజు గదిలో కూర్చుని వాటినే పైకి చెబుతున్నాడంతే.

అన్నట్టు, ఇదే రోమో 2007 జనవరిలో సియాటిల్‌లో, గెలిపించాల్సిన కిక్ (ఫీల్డ్ గోల్) కోసం మోకాలిమీద కూర్చుని స్నాప్ అందుకుని, బంతిని నిలబెట్టలేక జారవిడిచాడు. కౌబాయ్స్ 21-20తో ఓడింది. ఆ సంగతి డాలస్ తెలుగువాళ్ళ విందుల్లో ఇప్పటికీ ఎవరో ఒకరు ఎత్తుతారు, బిర్యానీకీ పెరుగన్నానికీ మధ్య.

ఈమధ్య ఆయన మీద విసుగూ పెరిగింది. అరుపులెక్కువయ్యాయనీ జోస్యాలు తగ్గాయనీ. తగ్గకేం చేస్తాయి? ఆయన ఆడే రోజుల కోచ్‌లు మారారు, సేఫ్టీలు స్నాప్ దాకా ఒకచోట నిలబడి, స్నాప్ పడగానే ఇంకోచోటికి మారిపోవడం బాగా నేర్చారు. ఈ విద్య పాలలాంటిది, నిలవ ఉండదు.

హైదరాబాద్ వచ్చాక నేనూ ఒక సీజన్ ప్రయత్నించాను. సోమవారం తెల్లవారుజామున కాఫీ, రూళ్ళ నోటు పుస్తకం. పరుగుకు 'ప', పాస్‌కూ 'ప' అని రాసుకోవడంతో మొదటి వారం లెక్క మొత్తం తగలడింది. తర్వాత తెలిసిందేమంటే, థర్డ్ డౌన్‌లో, అంటే మూడో ప్రయత్నంలో, పది గజాలు మిగిలితే పాస్ అని చెప్పడానికి రోమో అక్కర్లేదు, మా వాచ్‌మనూ చెబుతాడు. సందేహం ఉన్నచోట నా నోరు పెగల్లేదు. పెగిలిన రెండు మూడు సార్లూ స్నాప్ అయిపోయాక పెగిలింది.

కిందటేడు మళ్ళీ ఫ్రిస్కో వెళ్ళాను. మావాడిప్పుడు కాలేజీ. పాత సోఫా, పాత చోటు. ఆట చివర్లో ఎడమవైపు సేఫ్టీ ఒక్క అడుగు ముందుకు వేశాడు. "అటే, అటే!" అని నేను అరిచేలోపు బంతి వెళ్ళింది, ఇంటిల్లిపాదీ లేచి గంతులేశారు.

"చూశావా మామయ్యా ఆ క్యాచ్!"

చూడలేదు. నేనింకా సేఫ్టీనే చూస్తున్నాను.