మారిషస్ ద్వీపమున 1871 నాటి అర్జీ

ఆంగ్లేయులు 1810లో మారిషస్ ద్వీపమును ఫ్రెంచివారినుండి గెలుచుకొనిరి. గెలిచినవారెవరో స్పష్టమే, ఏలినవారెవరన్న ప్రశ్నకు మాత్రము సమాధానము అంత సులభము కాదు. ఒడంబడిక ననుసరించి ఫ్రెంచి శాసనములు, మతము, ఆచారములు నిలుపబడెను. గవర్నరు ఆంగ్లేయుడు, చెరకుతోటలును, పలుకుబడియును ఫ్రెంచి సంతతివారివి. బానిసత్వమునకు విరోధియైన జాన్ జెరిమీ 1832లో న్యాయాధికారిగా రాగా, తోటదొరలు పట్టణమును స్తంభింపజేసి, కొన్ని వారములలోనే ఆయనను ఓడ యెక్కించిరి. 1835లో బానిసత్వము రద్దయినప్పుడు పరిహారముగా ముట్టిన ఇరువది లక్షల పౌనులకు పైబడిన ధనము యజమానులకే చేరినది. బానిసలకు దమ్మిడీ లేదు.

ఆ తోటలకే భారతీయ కూలీలు పోయిరి. కోరంగి రేవునుండి ఓడ యెక్కిన తెలుగువారికి అచ్చట 'కోరంగీలు' అనియే పేరు నిలిచినది. యానామునకు పొరుగుననున్న ఆ రేవు పేరు ఒక జాతిపేరైన విధము ఇంతకంటె వేరుగా విచారింపదగినది.

1871లో గవర్నరు ఆర్థర్ గోర్డనుకు సమర్పింపబడిన పాత వలసదారుల అర్జీని ఈ రంగమునందుంచి చదువవలెను. ఒడంబడిక కాలము ముగించుకొన్నవారే పాత వలసదారులు. 1867 నాటి శాసనము వారిని ఛాయాచిత్రము అతికించిన చీటీ లేనిదే గడప దాటనీయలేదు. చీటీ చూపలేనివాడు దేశదిమ్మరి. పోలీసువాని చేతిలో ఖైదీ. ఒప్పందములోనున్న కూలివాని సంగతి మరియొక విధము: ఒకనాడు పనికి రాకున్న రెండునాళ్ల కూలి కోత. విడుదలైనవానిని తిరిగి తోటలోనికి తరుముటకే ఈ కట్టుదిట్టములన్న మాట అర్జీ చదివినవారికి దాచినను దాగదు.

అర్జీపై 9,401 మంది వ్రాళ్లు కలవు. దానిని సిద్ధపరచిన అడాల్ఫ్ ద ప్లెవిట్జు ఐరోపీయుడు, తోట నిర్వహణ నెరిగినవాడు. తోటదొరలు ఆయనను వీథిలో కొట్టించుటయేగాక, దేశమునుండి వెడలగొట్టుడని గవర్నరును కోరిరి. గోర్డను అందుల కంగీకరింపలేదు. ఆయన ధైర్యమును తక్కువచేయ పనిలేదు. కాని చరిత్రకారులు ఆయనను నాయకునిగా నిలిపి, తక్కినవారిని ఒక అంకెగా విడిచిపెట్టుట న్యాయము కాదు. చీటీ జేబులో నున్నదో లేదో తడవి చూచుకొనుచు బ్రదికినవారు, తోటదొరల ఆగ్రహ మెరిగియు, వ్రాలు పెట్టుట సామాన్యమా?

అర్జీ ఫలించినది. 1872లో రాజనియుక్త సంఘము నియమింపబడెను. ఫ్రెయరు, విలియమ్సనులు 1875లో సమర్పించిన నివేదిక ఫిర్యాదులలో అధికభాగము నిజమని తేల్చినది. 1878లో కొత్త కూలిశాసనము వచ్చినది. అయినను నివేదికకొక పరిమితి కలదు. కూలివానిని రక్షింపదగినవానిగా చూచినదేగాని, పాలనలో భాగస్వామిగా చూడలేదు. అర్జీయందును పాలనలో పాలు కావలెనన్న కోరిక ముఖ్యము కాదు. నడచిపోవుచున్న మనుష్యుని నడచిపోనిమ్మనుటయే దాని సారము.

ఆ లోపము ఫలితము 1885లో కనబడినది. పోప్ హెన్నెసీ గవర్నరుగా నున్నప్పుడు, మారిషస్ మారిషస్‌వారిదే యన్న నినాదము నడుమ, 27 మంది సభ్యులుగల మండలిలో 10 స్థానములకు ఎన్నిక లేర్పడెను. ఆస్తి, ఆదాయముల నియమమువలన ఓటర్లు సుమారు 4,000 మంది మాత్రమే. జనాభా మూడులక్షలకు మించినది, అందు మూడింట రెండువంతులు భారతీయులు. ఉదారమని కీర్తింపబడిన ఈ రాజ్యాంగము తోటదొరలకును, ధనికులకును తలుపు తీసినది. చెరకు నరకువాని యెదుట మూసినది. 'మారిషస్‌వారు' అన్న మాటలో ఎవరు చేరుదురో ఆ నినాదము చెప్పనేలేదు. 1926 వరకు ఎన్నికలలో గెలిచి ఆ మండలిలో కూర్చున్న భారతీయుడు ఒక్కడును లేడు.

1947 నాటి రాజ్యాంగము ఆస్తి నియమమునకు మారుగా, ద్వీపమున వాడుకలోనున్న భాషలలో ఏదేని ఒకదానియందు సులభవాక్యములు వ్రాయగలిగిన చాలునన్నది. ఆ భాషల పట్టికలో తెలుగు కలదు.