అస్త్రము - కిరణాయుధము: ఒక వివేచన

పురాణములందలి ఆగ్నేయాస్త్రము నేటి లేజరే యనియు, మన పూర్వులకు ఈ విద్య తెలిసియుండెననియు చెప్పువారు పలువురు కలరు. అదంతయు కట్టుకథయని త్రోసిపుచ్చువారును కలరు. ఈ ఉభయులును కావ్యమును కావ్యముగా చదువుట లేదు. అస్త్రమునకును కిరణాయుధమునకును గల భేదము ఎక్కడ నున్నదో పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము.

భారతము ఆదిపర్వమున అర్జునుడు ఆగ్నేయాస్త్రముతో అంగారపర్ణుని రథమును దహించును. ఆ యగ్ని యెట్లు పుట్టెను, ఎంత దూరము పోయెను అను ప్రశ్నలకు కథలో సమాధానము లేదు. అందు చెప్పబడినది గురుపరంపర: బృహస్పతినుండి భరద్వాజునకు, అతనినుండి అగ్నివేశ్యునకు, అతనినుండి ద్రోణునకు, ద్రోణునినుండి అర్జునునకు. సౌప్తికపర్వమున ఈ భావము పరాకాష్ఠ నందినది. బ్రహ్మశిరోనామకాస్త్రమును ప్రయోగించుట అర్జునాశ్వత్థామ లిరువురకును తెలియును. ఉపసంహరించుట అర్జునునకే సాధ్యమైనది. కనుక అస్త్రశక్తికి ఆధారము యంత్రము కాదు, ప్రయోక్త నియమము.

1898లో వెలువడిన హెచ్. జి. వెల్స్ నవల ‘ది వార్ ఆఫ్ ది వరల్డ్స్’ లోని ఉష్ణకిరణము ఇందుకు భిన్నము. అచట వేడిని పుట్టించు గదియు, దానిని ఒక దిక్కునకు మరలించు దర్పణమును ప్రస్తావింపబడినవి. ప్రయోగించువాని శీలముతో పని లేదు. యంత్రమే సర్వము.

ఇట్టి ఊహ శాస్త్రపరీక్షకు నిలిచెనా? 1935లో బ్రిటిష్ వైమానికశాఖ ‘మరణకిరణము’ సాధ్యమా యని రాబర్ట్ వాట్సన్-వాట్‌ను అడిగెను. ఆయన సహాయకుడు ఆర్నాల్డ్ విల్కిన్స్ లెక్కవేసి, దూరమున నున్న మనుష్యుని రేడియో తరంగములతో వేడెక్కించుటకు కావలసిన శక్తి అందనిదని తేల్చెను. కాని విమానమును తాకి మరలివచ్చు తరంగములను గుర్తింపవచ్చునని సూచించెను. బ్రిటనులో రాడార్ అట్లు రూపొందినది. చంపుటకై వెదకిన కిరణము చూచుటకు పనికివచ్చినది.

1960లో మైమన్ తొలి లేజరును నిర్మించిన పిదప ఆ ఊహ మరల సాధ్యతకు చేరువయైనది. హైదరాబాదులోని డి.ఆర్.డి.ఓ. ప్రయోగశాల ‘చెస్’ రూపొందించిన లేజరు ఆయుధము 2025 ఏప్రిల్ 13న కర్నూలు వద్ద డ్రోనులను కూల్చినది. అది 30 కిలోవాట్ల తరగతికి చెందినది. ఐదు సెకండ్లలో అంతటి కిరణము మోసికొనిపోవు శక్తి అర్ధలీటరు నీటిని మరుగునకు తెచ్చుటకు మాత్రమే చాలును. దాని బలము రాశిలో లేదు, ఏకాగ్రతలో నున్నది. కదలు లక్ష్యముపై ఒకే చోట కొన్ని సెకండ్లు నిలిచిననే అది పనిచేయును. గ్రహించిన విద్యుత్తులో అధికభాగము ఉష్ణముగా మారి యంత్రమునే బాధించును. గాలిలోని తేమ కిరణమును చెదరగొట్టును. కర్నూలు ఎండలో సాధ్యమైనది వైరా జలాశయముపై దిగు మంచులోను, భద్రాచల వనములను కప్పు శ్రావణమేఘములలోను అంత సులభము కాదు.

2024లో వచ్చిన ‘కల్కి 2898 ఎ.డి.’ చలనచిత్రము ఈ రెండు సంప్రదాయములను ఒక్కచోట చేర్చినది. అందు అశ్వత్థామ తన అస్త్రప్రయోగమునకు వెల చెల్లించుచు యుగాంతము వరకు జీవించును. అతని నెదిరించు భటుల కిరణతుపాకులకు మాత్రము ఏ వెలయు లేదు. వేడి, తేమ, నిరీక్షణ వానికి అడ్డురావు. అందుచేతనే ప్రాచీనాంశము బరువుగాను, నవీనాంశము తేలికగాను తోచుచున్నవి. ఇది చిత్రకల్పనలోని లోపమే గాని విజ్ఞానకథకు సహజమైనది కాదు.

అస్త్రమునకు వెల నియమము. లేజరునకు వెల విద్యుత్తు, ఉష్ణము, కాలము. ఈ వెలను దాచిన రచన పౌరాణికమైనను వైజ్ఞానికమైనను పేలవమగును. వెలువడిన కిరణమును మరలించు విద్య ఏ ప్రయోగశాలకును తెలియదు. అస్త్రమును లేజరని పిలిచినచో కోల్పోవునది ఆ ఉపసంహారభావమే. పరిశోధకులు ఆయుధముల పోలికలను లెక్కించుటకు ముందు, ప్రయోగించువాడు ఏమి చెల్లించుచున్నాడని ప్రతి రచనను అడుగుట యుక్తము.