తెలుగు క్రైస్తవ కీర్తన - కాపరి అంతరంగము

రంగారెడ్డి జిల్లాలోని ఇబ్రహీంపట్నము పేరు వినగానే సాహిత్యచరిత్ర చదివినవారికి గోలకొండ నేలిన ఇబ్రహీం కుతుబ్‌షా (1550-1580) జ్ఞప్తికి వచ్చును. అద్దంకి గంగాధరకవి 'తపతీసంవరణోపాఖ్యానము'ను అంకితము గొన్న 'మల్కిభరాముడు' ఈయనయే. ఆ ఊరి పెద్దచెరువు ప్రసిద్ధము. ఆయకట్టు రైతు చూపు ఎప్పుడును తూము మీదనే యుండును. చెరువు ప్రాణము మాత్రము ఎగువ వాగులలో నున్నది. వాగు పూడినచో తూమెంత గట్టిదైనను పొలమునకు నీరందదు.

పరమగీతముపై ప్రసంగించుచు క్లేర్వో బెర్నార్డు (1090-1153) సంఘనాయకుల విషయమున ఇట్టి పోలికనే వాడినాడు. కాలువ తనకందిన దానిని అందినట్లే విడిచిపెట్టును. చెరువు ముందు తాను నిండి, పిమ్మట పొర్లిన దానిని ఇచ్చును. తన కాలపు సంఘమున కాలువలు మెండు, చెరువులు కొద్ది యని ఆయన వగచెను. ఇతరులకు వాక్యము బోధించువాని అంతరంగమును పోషించు నదేమి యను ప్రశ్నకు ఈ వ్యాసమున మేము తెలుగు క్రైస్తవ కీర్తన ముఖమున సమాధానము వెదకుచున్నాము.

ప్రశ్న పాతది. మందను మేపక తమ్ము తాము మేపుకొను కాపరులను యెహెజ్కేలు ప్రవక్త గద్దించినాడు. పౌలు ఎఫెసు పెద్దలకు వీడ్కోలు చెప్పుచు, మందకంటె ముందు తమ్ము తాము చూచుకొనుమని హెచ్చరించెను. 590 ప్రాంతమున మొదటి గ్రెగరీ పోపు కాపరి ధర్మమును గూర్చి గ్రంథము వ్రాసెను. 1656లో ఇంగ్లండున రిచర్డ్ బాక్‌స్టర్ తోడి బోధకుల కదే విషయమును కటువుగా చెప్పెను. ఇవన్నియు వచనరచనలు, ఒకరు మరియొకరికి చెప్పు హితవులు. తెలుగున ఈ పని ప్రధానముగా పాట ద్వారా జరిగినదని మా అభిప్రాయము.

ఇందుకు పురుషోత్తమ చౌదరి (1803-1890) రచనలే మంచి నిదర్శనము. 1833లో క్రైస్తవము స్వీకరించి, పిమ్మట బోధకుడై, కళింగాంధ్ర ప్రాంతమున దీర్ఘకాలము పనిచేసిన ఈయన నూటికిపైగా కీర్తనలు రచించెను. 'కులాచార పరీక్ష' వంటి ఖండన గ్రంథములును వ్రాసెను. ఒకే కలము నుండి వెడలిన ఈ రెండు విధముల రచనలను ప్రక్కప్రక్కన నుంచి చూచిన కలుగు భేదము గమనింపదగినది. ఖండనమున ఎదుటివాడు దోషి, రచయిత న్యాయవాది. కీర్తనలో ఆ న్యాయవాదియే దోషిస్థానమున నిలిచి, దీనుడై, క్షమాభిక్ష వేడుచున్నాడు. బోధకుని వాక్కు 'మీరు' అనును. కీర్తన 'నేను' అనును. ఈ సర్వనామ భేదమునందే మన విషయమంతయు ఇమిడియున్నది.

ఈ 'నేను' చౌదరి కల్పించినది కాదు. తాళ్లపాక అన్నమాచార్యుని ఆధ్యాత్మ సంకీర్తనలందు, భద్రాచల రామదాసు కీర్తనలందు అది పండిన స్వరము. పల్లవి, చరణముల కూర్పును, దాస్యభావమును, ఆత్మనిందను ఆయన ఆ సంప్రదాయమునుండియే గ్రహించెను. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకమున పాటల తలకట్టున రాగతాళములు ముద్రించుట ఆ వారసత్వమునకే గుర్తు. తెలుగు కీర్తనలలోని భక్తిమార్గమును ఆర్. ఆర్. సుందరరావుగారు 1983 నాటి గ్రంథమున విపులముగా పరిశీలించియున్నారు. మేము దానికి చేర్చదలచినది ఒక్కటే. రామదాసు మొర చెరసాలలోని ఒంటరివాని మొర. క్రైస్తవ కీర్తన సమాజారాధనలో పాడబడునది. కాపరి తాను బోధింపవలసిన జనము నడుమనే నిలిచి, వారితోపాటు తన అపరాధమును పలుకును. పల్లవి ప్రతి చరణాంతమున తిరిగి వచ్చుటచే ఆ ఒప్పుకోలు ఒకమారుతో తీరదు. ఆ కొంతసేపు వేదికకును చాపకును నడుమ ఎత్తుపల్లము లేదు.

ఇచట ఒక ఆక్షేపణ రావచ్చును. ఆత్మనింద కవిసమయము వంటిది. 'పాపిని' అని పాడినంతమాత్రమున మనస్సు కరగునా? ఈ ఆక్షేపణను మేము పూర్తిగా త్రోసిపుచ్చజాలము. కీర్తనలోని 'పాపి' అందరికిని చెల్లు మాట; కాన దాని చాటున నాయకుడు దాగవచ్చును. పదవీవ్యామోహము, పొగడ్తపై ఆశ, ధనవిషయమున అజాగ్రత్త, అలసట, ఒంటరితనము - నాయకుని ప్రత్యేక రోగములివి. సామాన్య పాపమును ఒప్పుకొని విశేష పాపమును దాచుట మానవస్వభావము. అయితే సమయమని పేరు పెట్టినంతనే దాని పని ముగియదు. శోకము లేనివానికి రోదనసంప్రదాయము బూటకము. శోకమున్నవానికి అదియే నోరు. కీర్తన మందు కాదు. రోగి తన నొప్పి చెప్పుకొనుటకు భాష.

భాష యున్నను వినువాడు కావలెను. ఈ లోటును దోర్నకల్లు బిషప్పు వేదనాయకం శామ్యూల్ అజరయ్య (1874-1945) గుర్తించినాడు. తమిళదేశమున పుట్టి, తెలుగు నేర్చి, 1912లో భారతీయులలో మొదటి ఆంగ్లికన్ బిషప్పయిన ఈయన 1910 నాటి ఎడింబరో మహాసభలో పాశ్చాత్య మిషనరీలను అడిగినది ధనమును కాదు, త్యాగమును కాదు, స్నేహమును. ఆ మాటను మనము సాధారణముగా జాతిసమత్వ దృష్టితో చదువుదుము. అది నాయకుని అంతరంగారోగ్యమును గూర్చిన మాట కూడ నని మా భావము. సమానుడైన స్నేహితుడు లేనివానికి తన తప్పు చెప్పువాడుండడు. దోర్నకల్లు వేదపాఠశాలలో గురుపదవికి సిద్ధపడువారితోపాటు వారి భార్యలకును శిక్షణ నిచ్చుట ఈ దృష్టికి అనుగుణమైనదే.

నేడు హైదరాబాదు పరిసరములందు ఒకే వ్యక్తి నెలకొల్పి, ఒకే వ్యక్తి నడపు సంఘములు కలవు. అట్టి కొన్నింట గాయకబృందము పాడుచుండగా కాపరి తన ప్రసంగపు వంతు వచ్చువరకు వేచియుండును. పాట వేరు, పలుకు వేరు అయినచో 'నేను' ఒకరి పాలును 'మీరు' మరొకరి పాలును అగును. అపుడు నష్టపోవునది కీర్తన కాదు, కాపరి.

పరిశోధక విద్యార్థులు కీర్తన కర్త ఎవరు, రాగమేది యను ప్రశ్నలతో ఆగక, దానిని ఎవరు పాడుచున్నారు, ఎవరు వినుచున్నారు అని కూడ అడుగవలెను. చెరువు పూడిక తీయుటకు అదను నీరు నిండిన కాలము కాదు. అడుగు బయటపడిన ఎండకాలము. తన ఎండకాలమును దాచుకొను నాయకునికి ఆ పని ఎన్నటికిని జరుగదు. అడుగు చూపుటకు సిగ్గుపడనివానికి మన కీర్తన నేటికిని పలుగుపారగా పనికివచ్చును.