మైల ఎవరిది? ప్రమాణం ఎవరికి?

నర్సుల వృత్తి ప్రమాణాల గురించి చర్చ వచ్చినప్పుడల్లా చదువుకున్నవాళ్లు ఒక మాట అంటుంటారు: "మంత్రసానులు పోయారు, కాన్పు భద్రమైంది." ఈ మాటలో సగం నిజం ఉంది. మిగతా సగంతోనే మా పేచీ.

ముందు నిజమున్న సగం. మా అమ్మమ్మ మంత్రసాని. తెలంగాణ పల్లెల్లో ఈ పని చాలాచోట్ల మాదిగ, మంగలి, చాకలి ఆడవాళ్లదే. పిలుపొస్తే మాదిగవాడ నుంచి ఊళ్లోకి పోయేది. వెనక తలుపున లోపలికి, కాన్పయ్యాక మాయ పట్టుకుని అదే తలుపున బయటికి. కూలి రెండు మానికల వడ్లు, ఒక పాత చీర. ఆమె చేతుల్లో పుట్టినవాళ్లంతా బతకలేదు. కొడవలితో బొడ్డు కోసిన రోజులవి. పసిగుడ్డు ధనుర్వాతంతో పోతే గాలి సోకిందనుకున్నరు. ఇది మేం దాచం. అమ్మమ్మకు తెలిసిందంతా గొప్పదేనని పాటలు కట్టడం మా పని కాదు. శుభ్రమైన చేతులు, శుభ్రమైన చోటు, కొత్త బ్లేడు, శుభ్రమైన దారం, కోసిన బొడ్డుకు ఏదీ పుయ్యకపోవడం అనే ఐదు శుభ్రాలూ, గర్భిణులకిచ్చే టీటీ ఇంజెక్షనూ ఎన్నో ప్రాణాలు నిలిపాయి. పసిపిల్లల ధనుర్వాతం ఇండియాలో ఇక ప్రజారోగ్య సమస్య కాదని 2015లో ప్రకటించారు.

ఇక రెండో సగం. మురికి వేరు, మైల వేరు. మురికి క్రిమిది. అది ఎవరి చేతికైనా అంటుతుంది, కడిగితే పోతుంది. మైల కులానిది. ఎంత కడిగినా పోదంటారు. 1847లో వియన్నా ఆసుపత్రిలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు చూసిందేమిటి? డాక్టర్లు, వైద్య విద్యార్థులు కాన్పులు చేసే వార్డులో బాలింతల చావులు మంత్రసానుల వార్డులో కంటే రెట్టింపుకు పైగా ఉన్నాయి. శవాలు కోసిన చేతులతోనే వాళ్లు కాన్పులు చేస్తున్నారు. క్లోరిన్ నీళ్లతో చేతులు కడిగించాక చావులు తగ్గాయి. తమ చేతులే చంపుతున్నాయన్న మాట చాలామంది పెద్ద డాక్టర్లకు మింగుడుపడలేదు. ఈనాటి సురక్షిత పద్ధతికి పునాది ఇదే: క్రిమికి కులం లేదు.

క్రిమికి లేదు సరే. మరి లేబర్ రూములో పని పంపకానికి?

2005లో జననీ సురక్షా యోజన వచ్చింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే. కాన్పుతో పాటు పాత పంపకం కూడా ఆసుపత్రికి వచ్చింది. మా అమ్మ ఒక సర్కారు దవాఖానలో కాంట్రాక్టు ఆయా. రాత్రి డ్యూటీలో ఒక్క సిస్టరు, నలుగురు నొప్పులామెలు. బల్ల మీద ఉన్నామెను పట్టుకునేది అమ్మ, నెత్తురు తుడిచేది అమ్మ, మాయను పసుపు సంచిలో వేసేది అమ్మ. ఒకనాడు గ్లౌజులు అడిగితే, "నీకెందుకే, నీకు అలవాటైన పనే గదా" అన్నారట. కులం పేరెత్తకుండా కులాన్ని చెప్పడం అంటే ఇదే.

ఇప్పుడు ప్రమాణాల పుస్తకాలు తెరిచి క్రియలు చూడండి. శుభ్రం చేయబడాలి, వేరు చేయబడాలి, పారవేయబడాలి. ఎవరిచేత? కర్త మాయం. 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులైన సహాయకుల నిర్వచనం నుంచి మంత్రసానిని, శిక్షణ పొందినా సరే, బయటపెట్టింది. 2018 మార్గదర్శకాలు నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ అన్నాయి. మంచిదే. ఆ సర్వేలోనే తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లని తేలింది, అలాంటి చోట మిడ్‌వైఫ్ కావాల్సిందే. బొడ్డు కోయడానికి కనీసం ఒక నిమిషం ఆగాలని పుస్తకం ఇప్పుడంటోంది. మాయ పడేదాకా బొడ్డు ముట్టొద్దని అమ్మమ్మ అనేది. ఆమె తప్పులను మూఢత్వమన్నారు, ఒప్పులకు మాత్రం ఆమె పేరు పెట్టలేదు. 1947 నాటి చట్టం స్థానంలో 2023లో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం వచ్చింది. నర్సుకు రిజిస్టరుంది, ఆయాకు ఆ రిజిస్టర్లో చోటు లేదు.

సిస్టరు మాకు శత్రువు కాదు. పైకులాలు మైలపని అని దూరం పెట్టిన రోజుల్లో మిషన్ ఆసుపత్రుల్లో నర్సులైనవాళ్లలో దళిత క్రైస్తవ ఆడపిల్లలు ఎందరో. జనరల్ ఆసుపత్రుల్లో ఐదుగురు రోగులకు ఒక నర్సు, బోధనాసుపత్రుల్లో ముగ్గురికి ఒకరు ఉండాలని నర్సింగ్ కౌన్సిల్ లెక్క. ఆ లెక్క తప్పిన వార్డులో చేతులు కడగలేదని సిస్టరుకు మెమో ఇస్తే అది ప్రమాణం కాదు, శిక్ష. ఆ శిక్ష భయంతోనే పని కిందికి జారుతుంది, చివరికి రిజిస్టరు లేనామె చేతిలో పడుతుంది.

ఆయా చేత కాన్పులు చేయించమని మేం అనడం లేదు. శిక్షణ లేని చేయి కాన్పు చెయ్యొద్దు, తల్లి ప్రాణం ముఖ్యం. మేం అడిగేది వేరు. ఆయా ఏ పని చెయ్యాలో, ఏది చెయ్యగూడదో రాయండి. రాసిన పనికి శిక్షణ, గ్లౌజులు, జీతం ఇవ్వండి. సూది గుచ్చుకుంటే సిస్టరుకు రాసినట్టే ఆమెకూ రాయండి. జీవవైద్య వ్యర్థాలు ముట్టే ప్రతి ఒక్కరికీ హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాలు వేయాలని 2016 నిబంధనలే చెబుతున్నాయి. అమ్మకు హెపటైటిస్ టీకా ఒక్క డోసూ పడలేదు.

నర్సింగ్ చెప్పే టీచర్లను, చదివే పిల్లలను ఒక్కటే కోరుతున్నాం. పాఠంలో కర్త లేని క్రియ వచ్చినచోట ఆగి, "ఈ పని మన వార్డులో ఎవరు చేస్తున్నారు?" అని అడగండి. ఆమె పేరు అక్కడ రాయండి. అప్పటిదాకా అది సగం ప్రమాణమే.