వేటగాడు కావలసిన పిల్లవాడు

సలీం అలీ చిన్నప్పుడు పక్షి శాస్త్రవేత్త కావాలని కలగనలేదు. అలాంటి బతుకుతెరువు ఒకటుంటుందని ఆ రోజుల బొంబాయి పిల్లలకు తెలిసే వీలే తక్కువ. అతను కావాలనుకున్నది పెద్ద షికారీ. ఎవరూ అడుగుపెట్టని అడవుల్లో తిరగాలి, క్రూరమృగాల్ని కొట్టాలి. ఇష్టంగా చదివిన పుస్తకాలు కూడా వేట కథలు, సాహస యాత్రలే. 1896 నవంబరు 12న పుట్టిన ఆ పిల్లవాడికి ఏడాది వయసులో తండ్రి పోయాడు, మూడేళ్లకు తల్లి పోయింది. ఖేత్‌వాడీలో మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ ఇంట్లో పెరిగాడు. చేతికి ఎయిర్‌గన్ వచ్చింది. తోటి పిల్లలతో గురి పందేలు మొదలయ్యాయి. ఆ పిల్లల్లో దూరపు చుట్టం ఇస్కందర్ మీర్జా ఒకడు. అతనిదీ మంచి గురి. తర్వాత పాకిస్తాన్ తొలి అధ్యక్షుడయ్యాడు.

ఆ ఎయిర్‌గన్‌తోనే ఒకరోజు సలీం ఒక పిచ్చుకను కొట్టాడు. చేతిలోకి తీసుకుని చూస్తే రోజూ ఇంటి చుట్టూ తిరిగే పిచ్చుకలా లేదు. గొంతు మీద పసుపు మచ్చ ఉంది. పిట్టను పట్టుకెళ్లి మామను అడిగాడు. మామకూ తెలియలేదు. అయినా ఆయన పిల్లవాణ్ని కసిరి పంపేయలేదు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీలో తాను సభ్యుడు కాబట్టి, దాని కార్యదర్శి డబ్ల్యూ.ఎస్. మిలార్డ్‌కు ఒక పరిచయ ఉత్తరం రాసిచ్చి అక్కడికి పంపాడు.

తెల్లదొర ఆఫీసు గడప తొక్కడం అప్పటి భారతీయ బాలుడికి చిన్న సంగతి కాదు. మిలార్డ్ పిట్టను చూశాడు, దాని పేరు చెప్పాడు. పిల్లవాడి పని అక్కడితో అయిపోయింది, వెళ్లిరమ్మనవచ్చు. మిలార్డ్ ఆ పని చేయలేదు. లోపల దూది కూరి భద్రం చేసిన పక్షుల సేకరణ మొత్తం చూపించాడు. చదువుకోమని పుస్తకాలిచ్చాడు. పక్షి చర్మం ఒలిచి పాడవకుండా నిలవ చేయడం ఎలాగో, దానికి కట్టే చీటీ మీద ఏమేం రాయాలో నేర్పించే ఏర్పాటు చేశాడు. సలీం అలీ గురించి రాసేవాళ్లంతా ఆ పిచ్చుకనే తలుచుకుంటారు. మామ రాసిచ్చిన ఉత్తరానికి, మిలార్డ్ వెచ్చించిన ఆ కాస్త సమయానికి కూడా అంతే గౌరవం దక్కాలి. పిల్లవాడు అడిగిన ప్రశ్నను ఇద్దరు పెద్దవాళ్లు పెద్ద ప్రశ్నగానే తీసుకున్నారు. కల దారి మళ్లింది అక్కడే.

దాదాపు అదే వయసులో అతను రాసుకున్న చిన్న నోటు ఒకటి మిగిలింది. గుర్రపుశాలలో ఒక రంధ్రం, అందులో పిచ్చుక గూడు. ఆడపిచ్చుక లోపల గుడ్ల మీద కూర్చుంటే, మగపిచ్చుక రంధ్రం పక్కన మేకు మీద కాపలా కాస్తోంది. పిల్లవాడు బండి వెనక మాటు వేసి మగపిచ్చుకను కొట్టాడు. కాసేపటికే ఆడపిచ్చుకకు మరో తోడు దొరికింది. అదీ అదే మేకు మీద వాలింది. దాన్నీ కొట్టాడు. ఏడు రోజుల్లో ఎనిమిది మగపిచ్చుకలు. ప్రతిసారీ ఇంకొకటి వచ్చి ఆ చోటు భర్తీ చేసింది.

చదివితే మనసు చివుక్కుమంటుంది, చివుక్కుమనాలి కూడా. కానీ ఆ నోటులో వేటగాడి గొప్ప ఒక్కటే ఉండి ఉంటే ఎనిమిది అన్న అంకెతో ఆగిపోయేది. పదేళ్ల పిల్లవాడు చంపినవాటి లెక్కతో పాటు, బతికున్న ఆడపిచ్చుక ఏం చేసిందో కూడా రాశాడు. తోడు పోయిన ప్రతిసారీ ఎంత త్వరగా కొత్త తోడు వచ్చిందో రాశాడు. పక్షుల ప్రవర్తన మీద పెద్దయ్యాక ఆయన చేసిన పరిశోధనకు మొదటి పేజీ అదే. ఇంకా షికారీ కావాలనే కలగంటున్న రోజుల్లోనే, తెలియకుండానే రాసిన పేజీ.

అక్కడి నుంచి దారి తిన్నగా సాగలేదు. సెయింట్ జేవియర్స్ కాలేజీలో మొదటి ఏడాదే చదువు ఆపేసి బర్మాలోని తవోయ్‌కి వెళ్లారు. కుటుంబానికి అక్కడ టంగ్‌స్టన్ గని, కలప వ్యాపారం ఉండేవి. చుట్టూ అడవి. పక్షుల మీద చూపు పదునెక్కింది కానీ వ్యాపారం కలిసిరాలేదు. జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో పక్షి శాస్త్రవేత్త ఉద్యోగం యూనివర్సిటీ డిగ్రీ లేదన్న కారణంతో దక్కలేదు. 1926లో బొంబాయి ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియంలో గైడ్ లెక్చరర్‌గా నెలకు 350 రూపాయల ఉద్యోగం దొరికింది. రెండేళ్లకే విసుగు పుట్టి సెలవు పెట్టి బెర్లిన్ వెళ్లారు. అక్కడ పక్షి శాస్త్రవేత్త ఎర్విన్ స్ట్రెసెమన్ దగ్గర చేరారు. హెలిగోలాండ్ దీవిలో పక్షుల కాళ్లకు రింగులు వేయడం నేర్చుకున్నారు. 1930లో తిరిగొచ్చేసరికి మ్యూజియంలో ఆ ఉద్యోగమే లేదు. డబ్బుల్లేవని ఎత్తేశారు.

ముప్పై మూడేళ్ల వయసు. పెళ్లయింది, చేతిలో పని లేదు. భార్య తెహ్మీనాతో కలిసి బొంబాయికి దగ్గర్లోని కిహీం అనే సముద్రతీరపు పల్లెకు మకాం మార్చారు. నిరుద్యోగం ఆయన్ని గిజిగాళ్ల ముందు కూర్చోబెట్టింది.

గిజిగాడి గూడు మనకు కొత్త కాదు. తుమ్మచెట్టుకో, ఈతచెట్టుకో, బావి మీదికి వంగిన కొమ్మకో వేలాడే గూళ్లు చూడని తెలుగు పల్లె ఉండదు. కిహీంలో సలీం అలీ అలాంటి గూళ్ల గుంపుకు ఎదురుగా మాటు కట్టుకుని, రోజుల తరబడి ఏ పిట్ట ఏ గూట్లోకి వెళ్తోందో, ఏది ఎప్పుడు బయటికొస్తోందో రాసుకున్నారు. మగ గిజిగాడు గూడు సగం అల్లి ఆపుతాడు. ఆడపిట్టలు వచ్చి పరీక్షిస్తాయి. ఒకదానికి నచ్చి లోపల కాపురం పెడితే, అప్పుడు మిగతా సగం, కిందికి వేలాడే గొట్టంతో సహా, పూర్తి చేస్తాడు. ఆ ఆడపిట్ట గుడ్లు పొదుగుతుండగానే పక్కన ఇంకో గూడు మొదలుపెట్టి ఇంకో ఆడపిట్టను పిలుస్తాడు. ఒక మగపిట్ట వరసగా ఒకదాని తర్వాత ఒకటి ఇలా సంసారాలు కట్టుకుంటూ పోయే పద్ధతిని సలీం అలీ వివరంగా రాసి ప్రచురించారు. పక్షి శాస్త్రవేత్తగా ఆయనకు పేరు తెచ్చినది ఆ పనే.

గుర్రపుశాలలో బండి వెనక కూర్చున్న పిల్లవాడు, కిహీంలో మాటు కట్టుకుని కూర్చున్న మనిషి వేరువేరు కాదు. కదలకుండా కూర్చోవడం, గాలి ఎటు వీస్తోందో గమనించడం, పిట్ట వచ్చేదాకా ఓపిక పట్టడం వేటగాడి విద్యలు. ఆ విద్యల్లో ఏ ఒక్కటీ వృథా కాలేదు. చిన్ననాటి కల నెరవేరలేదని బాధపడేవాళ్లు ఈ ఒక్క విషయం జాగ్రత్తగా చూడాలి. షికారీ అన్న బిరుదు ఆయనకు రాలేదు. షికారీ కావడానికి అలవరచుకున్న చూపు, చెవి, ఓపిక మాత్రం జీవితాంతం అన్నం పెట్టాయి.

తుపాకీ కూడా పూర్తిగా పక్కకు పోలేదు, ఆ సంగతి దాచకూడదు. శాస్త్రం కోసం నమూనాలు సేకరించడానికి ఆయన తర్వాత కూడా పక్షుల్ని కొట్టారు, అది అవసరమని వాదించారు. ఒకరోజు తుపాకీ పారేసి అహింసావాది అయ్యాడనే కథ వినడానికి బాగుంటుంది గానీ నిజం అది కాదు. మారినది తుపాకీ వాడే కారణం. కొట్టిన ప్రతి పిట్టకూ తేదీ, ఊరు, ఆడా మగా అన్న వివరాలతో చీటీ కట్టేవారు. ఆ లెక్క ఎన్ని తరాల తర్వాతైనా పనికొస్తుంది.

తెలుగు నేలకూ ఆ లెక్కలో వాటా ఉంది. ఉద్యోగం లేని ఆ రోజుల్లో సలీం అలీ సంస్థానాలకు ఒక ప్రతిపాదన పంపారు. జీతం అక్కర్లేదు, క్యాంపు ఖర్చులు భరిస్తే మీ రాజ్యంలోని పక్షుల సర్వే చేసిపెడతానన్నారు. నిజాం ప్రభుత్వం ఒప్పుకుంది. 1931-32లో హైదరాబాద్ రాజ్యమంతా తిరిగి చేసిన ఆ సర్వే, పక్షి శాస్త్రవేత్త హ్యూ విస్లర్ వ్యాఖ్యలతో కలిసి బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో వచ్చింది. తెహ్మీనా క్యాంపుల్లో వెంట ఉండేవారు. తొంభై ఏళ్ల కిందట తెలంగాణ అడవుల్లో, చెరువుల దగ్గర ఏ పక్షులు ఉండేవో తెలుసుకోవాలంటే ఇప్పటికీ ఆ పేజీలే తిరగేయాలి. ఆ తర్వాత తిరువాన్కూరు, కొచ్చిన్ వంటి సంస్థానాల్లోనూ ఇదే పద్ధతిలో సర్వేలు చేశారు. 1939లో తెహ్మీనా చనిపోయారు. 1941లో భారతదేశపు పక్షుల మీద ఆయన పుస్తకం వచ్చింది. మరో పక్షి శాస్త్రవేత్త డిల్లన్ రిప్లీతో కలిసి రాసిన పది సంపుటాల గ్రంథంలో మొదటిది 1964లో, చివరిది 1974లో అచ్చయ్యాయి. ఆ పని ముగిసేసరికి ఆయనకు దాదాపు 78 ఏళ్లు.

ఇంగ్లండులో పీటర్ స్కాట్ కథ కూడా ఇంచుమించు ఇలాంటిదే. అంటార్కిటికాలో ప్రాణాలు వదిలిన కెప్టెన్ స్కాట్ కొడుకాయన. కుర్రతనంలో బాతుల వేటంటే పిచ్చి. వేటాడిన బాతులనే బొమ్మలుగా వేశారు. 1946లో స్లింబ్రిడ్జ్‌లో నీటిపక్షుల రక్షణకు ట్రస్టు స్థాపించారు. ప్రపంచ వన్యప్రాణి నిధి పాండా గుర్తు గీసినది ఆయనే.

ఇక మన కడపకు రావాలి. కలివికోడి అనే పిట్టను 1900 తర్వాత చాలా కాలం ఎవరూ చూసినట్టు దాఖలా లేదు. అంతరించిందనే చాలామంది అనుకున్నారు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున వచ్చిన భరత్ భూషణ్, కడప జిల్లా చిట్టడవుల చుట్టుపక్కల ఊళ్లలో వాకబు చేశారు. ఆ పిట్ట రాత్రిపూట తిరుగుతుందని తెలిసినవాళ్లు అక్కడి పిట్టల వేటగాళ్లు. 1986 జనవరిలో రెడ్డిపల్లి దగ్గర ఒక స్థానిక వేటగాడు రాత్రివేళ దీపం వెలుగులో దాన్ని పట్టుకున్నాడు. ఆ పక్షి బతకలేదు. కానీ 86 ఏళ్ల తర్వాత కలివికోడి ఉందని ప్రపంచానికి తెలిసింది. లంకమల అభయారణ్యం ఏర్పడింది, తెలుగుగంగ కాలువ దారి కూడా మార్చారు. సలీం అలీకి అప్పుడు 89 ఏళ్లు, మరుసటి ఏడాదే కన్నుమూశారు. వేటగాడి విద్య శాస్త్రానికి ఎంత పనికొస్తుందో చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ మనకు అక్కర్లేదు. బొంబాయి పిల్లవాడికి మిలార్డ్ దొరికాడు. అడవి పక్క ఊళ్లలో అడుగుజాడ చూసి జంతువు పేరు చెప్పే పిల్లలకు, కూత విని పిట్టను గుర్తుపట్టే పిల్లలకు మన బడులు ఆ పాటి అవకాశం కూడా ఇవ్వడం లేదు. వాళ్ల తెలివికి మార్కుల కాగితంలో గడి లేదు.

అందుకే బడి పంతుళ్లకూ తల్లిదండ్రులకూ ఒక విన్నపం. ఈ చలికాలం పిల్లల్ని ఒక్క ఆదివారమైనా దగ్గర్లోని చెరువుకు తీసుకెళ్లండి. నెల్లూరు వైపువాళ్లకు నేలపట్టు ఉంది, గుంటూరు వాళ్లకు ఉప్పలపాడు, శ్రీకాకుళం వాళ్లకు తేలినీలాపురం, హైదరాబాద్ వాళ్లకు అమీన్‌పూర్ చెరువు. చేతికి నోటుపుస్తకం, పెన్సిలు ఇచ్చి చూసినది చూసినట్టు రాయమనండి. పిట్ట పేరు మీకు తెలియకపోతే తెలిసినవారి దగ్గరికి పంపండి.