కథయు చరిత్రయు: ఉన్నత పాఠశాల విద్యార్థులకు వీని భేదమును బోధించు విధము

ఉన్నత పాఠశాలలో చదువు బాలుని, "కథకును చరిత్రకును భేదమేమి?" అని అడిగిచూడుడు. తడవు లేకుండ సమాధానము వచ్చును: "కథ అబద్ధము, చరిత్ర నిజము." పరీక్షలో దీనికి మార్కులును దొరకవచ్చును. కాని ఈ మాటను నమ్ముకొని పుస్తకము తెఱచిన బాలుడు కొలది పుటలలోనే దారి తప్పును. కల్పిత రచనకును వాస్తవ రచనకును గల భేదము నిజానిజముల భేదము కాదు; రచయిత పాఠకునకిచ్చు మాటలోని భేదము. ఈ యొక్క విషయమును నిరూపించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

తెలుగు రాష్ట్రములకు వెలుపల తరతరములుగా స్థిరపడిన మనకు ఈ విచారము మఱింత అవసరము. మన పిల్లలలో పెక్కుమంది బడిలో కన్నడమో, తమిళమో, ఒడియాయో, మరాఠీయో చదువుదురు. తెలుగు వారికి అమ్మ నోటను, తాతయ్య నోటను వచ్చును. ఆ తెలుగులో కథయు చరిత్రయు కలిసియే వచ్చును. "మన పూర్వులు రాయలవారి దండుతో ఈ సీమకు వచ్చిరి" అని చెప్పిన తాతయ్యయే తెనాలి రామకృష్ణుని చమత్కారములను కూడ చెప్పును. పాండురంగ మాహాత్మ్యమును రచించిన రామకృష్ణకవి చారిత్రక పురుషుడే. ఆయన పేర తెలుగునను, కన్నడమునను, తమిళమునను వ్యాపించిన హాస్యకథలు మాత్రము జనశ్రుతులు. ఈ వివేకము చెప్పనియెడల బాలుడు రెండిటిని సమానముగా నమ్మును. పెద్దవాడైన పిమ్మట ఒకటి కల్పనయని తెలిసినపుడు రెండిటిని సమానముగా త్రోసివేయును. అట్లు త్రోసివేయబడునది ఒక కథ మాత్రమే కాదు, మన యింటి పూర్వవృత్తాంతము.

ఈ భేదము మనకు క్రొత్తది కాదు. తెలిసిన విషయమును చెప్పునది ఆఖ్యాయిక యనియు, కల్పించి కూర్చినది కథ యనియు అమరసింహుడు విభజించెను. బాణభట్టు హర్షచరితము ఆఖ్యాయిక, కాదంబరి కథ. వర్ణనల సొంపులో ఈ రెండును ఒకదానికొకటి తీసిపోవు. కావున అలంకృతమైన శైలి కల్పనకును, పొడిమాట వాస్తవమునకును గుర్తులని బోధించుట సరికాదు. మన భట్టుమూర్తి వసుచరిత్ర పీఠికలో కేవల కల్పనలను కృత్రిమ రత్నములతోను, పూర్వకథలను పుట్టు రత్నములతోను, సత్కవి కల్పనచే మెఱుగెక్కిన పూర్వకథలను సానదీరిన జాతి రత్నములతోను పోల్చెను. ఈ పోలిక మనోహరమే గాని, కేవల కల్పనకు అందు న్యాయము జరుగలేదు. నవల పుట్టిన పిదప ఆ తీర్పు నిలువదు. అయినను కవి తన సరకు ఏ జాతిదో ముందుగా చెప్పవలెనను భావము అందు కలదు. అది మనకు ఉపయోగపడును.

ఇక పేరును చూచి గుర్తింపవచ్చునా? కందుకూరి వీరేశలింగము పంతులుగారి గ్రంథములను మూడింటిని విద్యార్థి ముందు ఉంచుదము: రాజశేఖర చరిత్రము, ఆంధ్ర కవుల చరిత్రము, స్వీయ చరిత్రము. మూడును చరిత్రములే. మొదటిది 1878లో వివేకవర్ధనిలో వెలువడ నారంభించి 1880లో పుస్తకరూపము దాల్చిన నవల, రెండవది పరిశోధన, మూడవది ఆత్మకథ. ఇందుకు విపర్యయముగా, బాల్యమున యానాములో చదువుకొన్న చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారి కథలు–గాథలు అను గ్రంథమున ఎక్కువగా కనబడునవి ఆయన జ్ఞాపకములును, సాహిత్య చర్చలును. చరిత్రమను పేరు గలది కల్పన, కథలను పేరు గలది వాస్తవము! పేరు సాక్ష్యము చెప్పదని తెలుపుటకు ఇంతకంటె మంచి పాఠము వేఱొకటి ఉండదు.

స్థలమును చూచియు నిర్ణయింపరాదు. రాజశేఖరుడు కాపురమున్న ధవళేశ్వరము గోదావరి తీరమున నేటికిని కలదు. రాజశేఖరుడు మాత్రము ఎన్నడును లేడు. బంగారము చేసెదనని నమ్మించి మోసగించిన బైరాగి ఆ నవలలో కల్పిత పాత్రయే. కాని అట్టి మోసములు లోకమున లేవని యెవ్వరు చెప్పగలరు? కల్పన అబద్ధము కాదనుట యిందుచేతనే. అబద్ధమాడువాడు మనము నమ్మవలెనని కోరును. నవలాకారుడు "ఇది కల్పించితిని" అని ఒప్పుకొనియే మన మనస్సును కదలించును.

ఒకే సంపుటమున రెండు విధముల రచనలును కనబడుచోటు గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము. 1897లో ప్రకటించిన తొలి ముద్రణకు వ్రాసిన ఆంగ్ల పీఠికలో, ఆనందగజపతి మహారాజు చేయించిన పట్టికను ఆయన ప్రస్తావించెను. విశాఖపట్టణ మండలమున బ్రాహ్మణ కుటుంబములలో మూడేండ్లలో జరిగిన శుల్క వివాహములు అందు 1,034. అనగా ఏటికి సగటున 344. పీఠిక ముగిసి నాటకము మొదలైనంతనే అగ్నిహోత్రావధానులు తన చిన్నకూతురు సుబ్బిని లుబ్ధావధానులకు ఇచ్చి పెండ్లి చేయ తలపెట్టును. ఆ పట్టికలో సుబ్బి పేరు వెదకువాడు వెఱ్ఱివాడు. కాని 1,034 అను సంఖ్యను ప్రశ్నింపని విద్యార్థి శ్రద్ధలేనివాడు. ఆ సంఖ్య తప్పైనచో పీఠిక చెడును; సుబ్బి లేకపోయినను నాటకము చెడదు. సంఖ్య మనకు దురాచారము యొక్క పరిమాణమును తెలుపును. నాటకము దాని బాధను తెలుపును. రెండును కావలసినవే, ఒకటి మఱొకదాని పని చేయలేదు.

కావున ఉపాధ్యాయుడు ఏ రచననైనను ముందు పెట్టి విద్యార్థులను మూడు ప్రశ్నలు అడుగవలెను. ఈ మాటకు పూచీ యెవరు? దీనిని దేనితో సరిచూడవచ్చును? తప్పని తేలినచో రచనకు కలుగు హాని యేమి? ఈ మూడవ ప్రశ్నయే గీటురాయి. రుద్రమదేవి 1295 ప్రాంతము వఱకు పాలించెనని చరిత్రకారులు చాలకాలము వ్రాసిరి. నల్లగొండ జిల్లా చందుపట్ల శాసనము బయటపడిన పిదప ఆమె 1289లోనే గతించెనని తేలినది. చరిత్ర గ్రంథములు తమ వాక్యమును దిద్దుకొనవలసి వచ్చెను. ఆ కాలమునే ఇతివృత్తముగా గొన్న అడివి బాపిరాజుగారి గోన గన్నారెడ్డి నవలలో ఒక్క అక్షరమైనను మార్చవలసిన పని కలుగలేదు. శిలాశాసనమునకు తల వంచునది వాస్తవ రచన. తన లోపలి న్యాయమునకు మాత్రమే తల వంచునది కల్పిత రచన.

ఈ గీటురాయికి సులభముగా లొంగని రచనలును కలవు. తమిళనాటి తెలుగువారికి సన్నిహితమైన రాయవాచకము అట్టిది. కృష్ణదేవరాయల వృత్తాంతమును విశ్వనాథనాయనికి ఆయన స్థానాపతి, అనగా రాజసభలోని ప్రతినిధి, విన్నవించు వార్తగా అది నడచును. రూపమును చూచి దానిని రాయల కాలపు నివేదికయని తలచిన వారు కలరు. 16వ శతాబ్ది తుదినో 17వ శతాబ్ది ఆదినో మధుర నాయకుల ఆస్థానమున పుట్టిన రచనయని ఫిలిప్ వాగొనర్ 1993లో ప్రకటించిన గ్రంథమున వాదించెను. ఆ వాదము ప్రకారము రాయలు 1529లో గతించిన పిదప రెండు మూడు తరములకు అది పుట్టినది. అంతమాత్రమున అది పారవేయదగినదా? కాదు. రాయలు ఏమి చేసెనను విషయమున దాని సాక్ష్యము బలహీనమే. దక్షిణమున స్థిరపడిన తెలుగువారు రాయలను ఎట్లు తలచుకొనిరను విషయమున దాని సాక్ష్యము బలమైనది. ప్రశ్న మారినపుడు సాక్షి విలువయు మారును.

తాతయ్య చెప్పిన కథకును ఇదియే న్యాయము. కనుక మన సంఘములు నడపు తెలుగు తరగతులలో ఒక అభ్యాసమును ప్రవేశపెట్టవలెనని నా మనవి. ప్రతి విద్యార్థియు తమ వంశము ఈ సీమకు వచ్చిన వృత్తాంతమును ఇంటి పెద్దలనడిగి, వారి మాటలలోనే వ్రాసికొనవలెను. పిదప ఇంటనున్న పాత పట్టాలు, దస్తావేజులు, ఊరి గుడిలోని శాసనము ఉన్నచో వానితో సరిచూడవలెను. రుజువైనదానిని ఒక పుటలోను, పెద్దలు చెప్పగా విన్నదానిని ఎదుటి పుటలోను ఉంచవలెను. కడపట ఆ వృత్తాంతమునే ఒక చిన్న కథగా కల్పించి, పైన "కథ" అని వ్రాయవలెను. ఒకే విషయమును మూడు విధముల వ్రాసిన చేతికి ఈ భేదమును నిర్వచనముతో వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఇందు పెద్దల మాటకు అగౌరవము కలుగునేమో యని కొందఱు శంకింపవచ్చును. పెద్దల మాటను ఎదుటి పుటలో పదిలముగా వ్రాసియుంచుట అగౌరవము కాదు. అది కాగితముపైకి ఎక్కక, వారితోనే అంతరించిపోవుటయే నిజమైన అగౌరవము. రుజువైన పుటలో ఒకే పంక్తి యుండి, విన్న పుట నిండియున్నను చింతలేదు. ఏ పంక్తి యే పుటకు చెందునో ఎఱిగిన బాలుడు పెద్దవాడైన పిదప తన పూర్వుల వృత్తాంతమును గ్రుడ్డిగా నమ్మడు, తొందరపడి త్రోసివేయడు. తరువాతి తరమునకు తెలుగులోనే చెప్పగలడు.