ఎగరడం ఒక ఎత్తు, వాలడం ఒక ఎత్తు

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పల్లెల్లో పెద్దవాళ్లను అడగండి, దొమ్మరాట గుర్తుందంటారు. డోలు మోగుతుంటే ఊరి నడుమ గడ లేచేది. దాని కొసన పొట్ట ఆనించి గిరగిరా తిరిగే మనిషిని పిల్లలు నోరెళ్లబెట్టి చూసేవాళ్లు. మర్నాటి నుంచి గడ్డివాముల దగ్గర ఒకటే పిల్లిమొగ్గలు. పల్టీ తిరిగామా లేదా అన్నదే లెక్క. ఎలా పడ్డామో ఎవరికీ పట్టేది కాదు.

జిమ్నాస్టిక్స్‌లో మాత్రం ఆ పడడమే అసలు లెక్క. హైదరాబాద్ అమ్మాయి బుద్దా అరుణారెడ్డి వాల్ట్‌ను ఒకటికి రెండుసార్లు చూస్తే ఇది బోధపడుతుంది. 2018 ఫిబ్రవరిలో మెల్‌బోర్న్‌లో జరిగిన జిమ్నాస్టిక్స్ ప్రపంచకప్‌లో ఆమె వాల్ట్‌లో కాంస్యం గెలిచింది. ప్రపంచకప్‌లో మన దేశానికి దక్కిన తొలి వ్యక్తిగత పతకం అదే.

వాల్ట్ మొత్తం కొద్ది సెకన్ల పని. పరుగు 25 మీటర్లు మించకూడదు. పరుగు చివర రెండు పాదాలూ ఒక్కసారే స్ప్రింగ్‌బోర్డును తన్నాలి. ముందున్న బల్ల ఎత్తు ఆడపిల్లలకు 125 సెంటీమీటర్లు. దాని మీద అరచేతులు ఆనేది రెప్పపాటే. ఆ రెప్పపాటులో మోచేతులు వంగకూడదు. భుజాలతోనే బల్లను నెట్టాలి. మోచెయ్యి వంగిందా, పరుగులో కూడగట్టిన వేగమంతా అక్కడే నీరుగారిపోతుంది. గాల్లోకి లేచాక చేతులు ఛాతీకి అదిమితే ఒళ్లు బొంగరంలా తిరుగుతుంది. నేల దగ్గరపడగానే ఆ చేతులు విప్పి, తిరుగుడుకు కళ్లెం వేయాలి. ఆపైన మోకాళ్లు కాస్త వంచి, పాదాలు నాటినట్టు నిలబడాలి.

ఫైనల్లో ఇలాంటివి రెండు వేర్వేరు వాల్ట్‌లు చేయాలి. రెండింటి సగటే స్కోరు. వాలాక చిన్న అడుగు పడితే 0.1 పోతుంది, పెద్ద అడుగుకు 0.3, కింద పడితే ఏకంగా 1 పాయింటు.

ఇప్పుడు మెల్‌బోర్న్ స్కోర్లు చూడండి. స్లోవేనియాకు చెందిన త్యాషా కిసెలెఫ్ 13.800తో మొదట నిలిచింది. ఆస్ట్రేలియా అమ్మాయి ఎమిలీ వైట్‌హెడ్‌కు 13.699, అరుణకు 13.649. రజతానికీ కాంస్యానికీ తేడా 0.05. ఒక వాల్ట్‌లో పోయిన 0.1ని సగటులో సగం చేస్తే వచ్చేది సరిగ్గా అంతే. అంటే ఆ రెండు పతకాల మధ్య దూరం చిన్న అడుగంత. ఆ అడుగును అదుపులో పెట్టడానికే ఏళ్ల తరబడి సాధన.

అరుణ మొదట నేర్చింది కరాటే, బ్లాక్‌బెల్ట్ కూడా సాధించింది. ఆ ఒంట్లోని చురుకు చూసి జిమ్నాస్టిక్స్‌కు మళ్లించారు. లాల్‌బహదూర్ స్టేడియంలో కోచ్ స్వర్ణలత దగ్గర ఓనమాలు, తర్వాత బ్రిజ్‌కిశోర్ దగ్గర పదును. వెన్నంటి నిలిచిన నాన్న నారాయణరెడ్డి 2010లో కన్నుమూశారు. మెల్‌బోర్న్ పతకాన్ని ఆమె ఆయనకే అంకితం చేసింది.

ఏళ్ల తరబడి సాధన చేసే ఓపికకు ఉదాహరణగా జర్మనీ జిమ్నాస్ట్ ఫాబియన్ హాంబ్యూషెన్‌ను చెప్పుకోవచ్చు. ఆయనకు కోచ్ కన్నతండ్రే. ఒలింపిక్స్‌లో హై బార్ మీద 2008 బీజింగ్‌లో కాంస్యం, 2012 లండన్‌లో రజతం, 2016 రియోలో స్వర్ణం. ఒకే కడ్డీ మీద ఒక్కో మెట్టుకూ నాలుగేళ్లు. వాల్ట్‌లో 0.05 అన్నా, బార్ మీద నాలుగేళ్లన్నా, చెక్కాల్సింది ఆ చివరి పిసరంతనే.

అరుణకూ ఆ ఓపిక ఉంది. మోకాలికి సర్జరీ అయ్యాక మళ్లీ బరిలోకి దిగి, 2021 డిసెంబరులో కైరోలో జరిగిన ఫారోస్ కప్‌లో వాల్ట్, ఫ్లోర్ రెండింటిలోనూ స్వర్ణాలు గెలిచింది. వాల్ట్‌లో వాలేటప్పుడు మోకాళ్ల మీద చాలా బరువు పడుతుంది. కోలుకున్న మోకాలితో మళ్లీ దూకడానికి బలం ఒక్కటే చాలదు, ఆ మోకాలి మీద నమ్మకం కావాలి.

మీ ఊళ్లో ఇసుక కుప్ప మీద మొగ్గలేసే పిల్ల కనిపిస్తే, నడుం విరుగుతదని అదిలించకండి. కాసేపు నిలబడి పాదాలు ఎక్కడ వాలుతున్నయో చూడండి. రెండోసారీ మూడోసారీ అదే చోట వాలితే, ఆ పిల్లను మ్యాట్, కోచ్ ఉన్న చోటికి తీసుకుపోండి.